మంచం గోడెక్కుతుంది సరే, నా బల్ల ఎక్కడికి పోవాలి?

పేరు వద్దన్న ఒక పాఠకురాలి ఉత్తరం ఇది. పెద్దది కాబట్టి కుదించి ఇస్తున్నాను.

వాళ్ళది రెండు పడక గదుల సొంత ఇల్లు. రెండో గదిని అందరూ చుట్టాల గది అంటారు గానీ ఏడేళ్ళుగా అది ఆవిడ పని గది. కిటికీ పక్కన బల్ల వేసుకుని అనువాదాలు చేస్తుంటారు. గది పదడుగుల వెడల్పు, పదకొండు అడుగుల పొడవు. ఎవరైనా వస్తే నేల మీద పరుపు పరుస్తారు. భర్త ఏడాది కిందట ముందుగానే ఉద్యోగ విరమణ చేసి వడ్రంగం పట్టుకున్నారు. ఒక స్టూలు, ఒక చెప్పుల స్టాండు బాగానే కుదిరాయి. ఆ ఊపులో, "ఈ గదికి గోడమంచం నేనే చేస్తాను. పగలు గోడకి మడిచేద్దాం, రాత్రి దించుకుందాం, నీ బల్ల నీకే ఉంటుంది" అన్నారు. ఆవిడ సంతోషించారు. ఇది నాలుగు నెలల కిందటి మాట.

ఇప్పుడు మంచం మడిచి పెట్టే పెట్టె నిలబడింది. ఐదడుగుల పరుపు పట్టే పెద్ద మంచం. అడుగున తలుపులకి వాడే మామూలు బందులు, పైన ఒక గొళ్ళెం, పక్కన రెండు గొలుసులు. పోయిన నెల మొదటిసారి దించబోతే సగంలో పట్టు తప్పి ధన్‌మని పడింది. కింద టైలు పగిలింది. ఆయన పాదానికి వెంట్రుకవాసిలో తప్పింది. ఆ రోజు నుంచి ఆ గదిలో ఎవరూ సుత్తి పట్టలేదు, ఎవరూ ఆ మాట ఎత్తలేదు. ప్లైవుడ్ ముక్కలు ఆవిడ కుర్చీ వెనక గోడకి ఆనించి ఉన్నాయి. ఇంతలో అత్తగారికి మోకాలి ఆపరేషన్ ఖాయమైంది. ఆరు వారాల్లో వస్తారు, రెండు నెలలు ఉంటారు.

"అత్తయ్య రావడం నాకు ఇష్టమే" అని రాశారావిడ. "కానీ నా బల్ల ఎక్కడ వేసుకోవాలి అని అడిగితే, ఆవిడ రావడం ఇష్టం లేక అంటున్నాననుకుంటారు. మంచం సంగతి అడిగితే ఆయనకి చేతకాలేదని ఎత్తిపొడిచినట్టవుతుంది. కార్పెంటర్ని పిలవనా, సోఫా కమ్ బెడ్ కొననా, ఆయన్నే పూర్తి చెయ్యమననా? ఏదో ఒకటి చెప్పండి."

ఏదో ఒకటి చెప్పడం తేలికేనండీ. కానీ మీ ఉత్తరంలో మూడు సమస్యలు ఒకే మంచం మీద ఇరుక్కుని పడుకున్నాయి. ముందు వాటిని లేపి వేరువేరుగా కూర్చోబెడదాం.

గడువున్నది అత్తగారి విషయంలో కాబట్టి అక్కడ మొదలుపెడతాను. మోకాలి ఆపరేషన్ అయిన మనిషి, రాత్రి పడుకుని పొద్దున లేచి పక్క చుట్టేసే చుట్టం కాదు. పొద్దున వ్యాయామం చెయ్యాలి, అలసిపోయి కాసేపు వాలాలి. భోజనమయ్యాక మళ్ళీ వాలాలి. సాయంత్రం కాలు ఎత్తులో పెట్టుకోవాలి. అంటే ఆవిడ ఉన్నన్నాళ్ళూ మంచం దించే ఉంటుంది. ఎప్పుడూ దించే ఉండే గోడమంచానికీ మామూలు మంచానికీ తేడా ఒక్కటే, మొదటిదానికి నాలుగు నెలల శ్రమ ఎక్కువ. ఇంకా ఎత్తు సంగతుంది. అంచున కూర్చున్నప్పుడు పాదాలు పూర్తిగా నేలకి ఆనాలి, మోకాళ్ళు తుంటికన్నా పైకి లేవకూడదు. చాలామందికి ఇది పరుపుతో కలిపి 18 నుంచి 20 అంగుళాల దగ్గర కుదురుతుంది. ఆవిడకి ఎంత కావాలో ఫిజియోథెరపిస్టుని అడిగితే చెబుతారు. మామూలు మంచమైతే కోళ్ళ కింద దిమ్మలు పెట్టి ఎత్తు పెంచుకోవచ్చు. గోడమంచానికి ఇరుసు ఎక్కడ బిగించారో అక్కడే ఎత్తు ఖాయమైపోతుంది.

అందుకని ఈ రెండు నెలలకీ మూడడుగుల వెడల్పు మామూలు మంచం ఒకటి చూడండి. ఎవరినైనా అడిగి తెచ్చుకున్నా, అద్దెకి తెచ్చినా, కొన్నా పరవాలేదు. దీనివల్ల లాభం అత్తగారికే కాదు, గోడమంచం మీద నుంచి ఆరు వారాల గడువు లేచిపోతుంది. భయపడి ఆగిపోయిన మనిషిని గడువు తరిమితే, రెండోసారి ఆయన పాదం తప్పించుకోకపోవచ్చు.

మీరు ఏది ఒప్పుకున్నా మానుకున్నా, ఈ వారంలోనే చెయ్యాల్సిన పని ఒకటుంది. ఆ పెట్టె గోడకి బిగించి ఉందో లేదో మీరు రాయలేదు. బిగించకపోతే దాన్ని విప్పి పక్కన పెట్టండి, లేదా నేల మీద పడుకోబెట్టండి. వాకర్ పట్టుకుని నడిచే మనిషి తూలితే చేతికి ఏది అందితే దాన్నే పట్టుకుంటుంది. అది మీ ఎత్తు పెట్టె కాకూడదు. ఈ ఒక్క విషయంలో మాత్రం ఎంపికలు ఇవ్వను.

ఇక బల్ల. ముందు టేపు పట్టుకుని లెక్క చూడండి. పదడుగుల వెడల్పులో మూడడుగులు మంచానికి పోతే ఏడు మిగులుతాయి. వాకర్‌తో తిరగడానికి మూడడుగులు వదలండి. మిగతా నాలుగడుగుల్లో రెండడుగుల బల్ల, కుర్చీ ఇరుకుగా పడతాయి. అంటే గదిలోనే ఉండిపోవచ్చు. కానీ పక్కన నిద్రపోతున్న మనిషి ఉండగా మీరు ఫోన్ మాట్లాడలేరు, మీ కీబోర్డు చప్పుడుకి ఆవిడ నిద్రపోలేరు, ఇద్దరూ ఒకరికొకరు మొహమాటపడుతూ రెండు నెలలు గడుపుతారు. రెండో దారి, బల్లని మీ పడక గదిలోకి మార్చడం. దానివల్ల మీ పనివేళలు మీవారి నిద్రవేళల్లోకి చొరబడతాయి. మూడోది హాల్లో ఒక మూల. అక్కడ చోటు దొరుకుతుంది గానీ తలుపు ఉండదు, "కాస్త ఇటు రా" అనే పిలుపులకి అడ్డూ ఉండదు. నన్నడిగితే పడక గది. కానీ మీ పని ఎక్కువగా ఫోన్ మీదో, చదువు మీదో మీకే తెలుసు.

దీన్ని అడగడమెలా అన్నది మీ అసలు బెంగ. "బల్ల ఎక్కడ" అని అడిగితే అది ఫిర్యాదులా వినపడుతుంది, నిజమే. గంటల లెక్కలో అడగండి. "అత్తయ్య మధ్యాహ్నం రెండు నుంచి నాలుగు దాకా పడుకుంటారు కదా, ఆ రెండు గంటలూ నేను మన గదిలో కూర్చుంటాను, నువ్వు హాల్లో ఉంటావా?" ఇలా అడిగితే ఆవిడ రాకని ముందే ఒప్పుకుని, ఏర్పాట్ల గురించి మాట్లాడుతున్నట్టుంటుంది. ఏడేళ్ళ నుంచీ మీ జీతం ఆ బల్ల మీదే పుడుతోంది. అది ఇంటి అవసరం, మీ ముచ్చట కాదు. ఇలా నేను రాయాల్సి వస్తోందంటే, ఈ మాట మీరే మీకు చెప్పుకోలేదేమో అని అనుమానం.

ఇప్పుడు మంచం దగ్గరికొద్దాం. ఆయనకి చేతకాకపోవడం వల్ల అది పడిందని మీరిద్దరూ అనుకుంటున్నట్టున్నారు. కాదు. ఆ బందులతో ఎవరు చేసినా పడేది. ఎందుకో చూడండి. చట్రం, ముందు పలక, పరుపు కలిసి సుమారు 60 కిలోలు అనుకుందాం. నిలువుగా నిలబెట్టిన ఆరున్నర అడుగుల మంచానికి బరువంతా నేలకి మీటరు ఎత్తున ఉన్నట్టు లెక్క. చెయ్యి జారిందంటే 60 కిలోల మూటని మీటరు ఎత్తు నుంచి వదిలేసినట్టే. తలుపు బందు పని తలుపుని పక్కకి తిప్పడమే, బరువుని ఆపడం కాదు. గొలుసు చివరికి వచ్చాక ఆపుతుంది తప్ప, దారిలో వేగం తగ్గించదు.

గోడమంచాల్లో ఆ బరువుని మోసేది స్ప్రింగులో, గ్యాస్ పిస్టన్లో. వాటి లెక్క ఒకసారి చూస్తే తమాషాగా ఉంటుంది. పిస్టన్ మంచాన్ని ఇరుసుకి జానెడు దూరంలోనే పట్టుకుంటుంది. మీటరు దూరంలో ఉన్న 60 కిలోలని జానెడు దూరం నుంచి ఎత్తాలంటే, జానెడు మీటరులో సుమారు నాలుగో వంతు కాబట్టి, నాలుగింతల బలం కావాలి. అది 240 కిలోలు. రెండు పిస్టన్లు పంచుకుంటే ఒక్కోదానికి 120 కిలోలు, అంటే దాదాపు 1200 న్యూటన్లు. వంటింటి అల్మరా తలుపు పైకెత్తే పిస్టన్లు వంద న్యూటన్లకి అటూ ఇటూ ఉంటాయి. రెండూ చూడ్డానికి అన్నదమ్ముల్లా ఉంటాయి. "ఇవే నాలుగు పెట్టేద్దాం" అని మీవారికి అనిపించే లోపల ఈ లెక్క ఆయన కళ్ళబడేలా చూడండి.

దీనివల్ల వచ్చే చిక్కు ఇంకొకటుంది, చాలామంది చెయ్యి కాల్చుకునేది ఇక్కడే. పిస్టన్ బలం మీ మంచం బరువుకి సరిపోయినట్టుండాలి. తక్కువైతే పడుతుంది. ఎక్కువైతే దిగదు, దించి వదిలితే మళ్ళీ పైకి లేస్తుంది. పరుపు లేకుండా ఉత్త చట్రానికి పిస్టన్లు బిగించి పరీక్షించిన వడ్రంగిని ఒకాయన్ని చూశాను. చట్రాన్ని బలవంతాన కిందికి తెచ్చి ఒక చెయ్యి తీశాడు. అది లేచిన వేగానికి రెండో చెయ్యి మణికట్టు వారం పాటు వాచింది. అందుకని కొనే ముందు అన్నీ తూచాలి. బాత్రూమ్ తూకం మీద ముందు మీరు ఒక్కరే నిలబడండి, తర్వాత పలక పట్టుకుని నిలబడండి, తేడా రాసుకోండి. ముందు పలక, చట్రం పట్టెలు, పరుపు, ఆఖరికి దుప్పట్లు కూడా. పలకకి లామినేట్ అతికించాక తూచండి, ముందు కాదు. 18 మిల్లీమీటర్ల ప్లైవుడ్ ఎనిమిది బై నాలుగు షీటు ఒక్కటే 30 కిలోలు దాటుతుంది. ఎండీఎఫ్ అయితే ఇంకా బరువు.

ఆ బరువు తగ్గించుకునే దారి మీ గదిలోనే ఉంది. ఐదడుగుల మంచాన్ని నిలువుగా దించితే గోడ నుంచి ఏడడుగులు ముందుకొస్తుంది. పదకొండు అడుగుల గదిలో నాలుగు మిగులుతాయి. రోజూ రాత్రి మీ బల్లని జరపాల్సిందే. మీవారు ఇస్తానన్న మాట అక్కడే తప్పిపోతుంది. అదే మూడున్నర అడుగుల వెడల్పు మంచాన్ని అడ్డంగా, పొడుగు వైపు గోడకి ఆనించి మడిచేలా చేస్తే, దించినప్పుడు నాలుగడుగులకి లోపే ముందుకొస్తుంది. మడిచినప్పుడు పెట్టె ఎత్తు కూడా నాలుగడుగుల లోపే కాబట్టి పైన పుస్తకాల అరలు కొట్టుకోవచ్చు. పరుపుతో కలిపి 35 కిలోలకి వస్తుంది, దాని బరువు మధ్య భాగం నేలకి అరమీటరు ఎత్తులోనే ఉంటుంది. పొరపాటున వదిలేసినా దెబ్బ మునుపటిదానిలో మూడో వంతు కూడా ఉండదు. నష్టమేమిటంటే ఒక్కరే పడుకోగలరు. మీ ఇంటికి జంటలుగా వచ్చేవాళ్ళు ఎక్కువైతే ఇది కుదరదు. పోయిన రెండేళ్ళలో ఎవరెవరు వచ్చారు, ఎన్ని రాత్రులు ఉన్నారు అని ఒక కాగితం మీద రాసి చూడండి. చాలా ఇళ్ళలో ఆ కాగితం సగం కూడా నిండదు, పెద్ద మంచం మాత్రం ఏడాదంతా గోడని ఆక్రమించి నిలబడుతుంది.

మీలాంటి ఇరుకు కొత్తదేమీ కాదు. గోడమంచం అనగానే సాన్‌ఫ్రాన్సిస్కోకి చెందిన విలియం మర్ఫీ పేరు చెబుతారు. ఆయన పేరే ఆ మంచాలకి ఇంగ్లీషులో స్థిరపడిపోయింది కూడా. కానీ ఆయనకన్నా ముందు 1885లో చికాగోలో ఫర్నిచర్ కొట్టు నడిపిన సారా గూడ్ మడత మంచానికి పేటెంట్ తీసుకున్నారు. ఆవిడ మంచం పగలు మడిస్తే ఏమయ్యేదో తెలుసా? రాసుకునే బల్ల. మీ ఉత్తరం చదువుతుంటే ఆవిడే గుర్తొచ్చారు. ఇప్పుడూ బల్లతో కలిసి వచ్చే గోడమంచాలున్నాయి. మంచం దిగుతుంటే బల్ల దాని కిందికి సమాంతరంగానే జారుతుంది, పైన పుస్తకాలు పడిపోవు. కాకపోతే బల్ల మీద చదునుగా ఉండేవే ఉంచగలరు, మానిటర్ నిలబెట్టలేరు. వాటి కీళ్ళ అమరిక మొదటిసారి చేసేవాళ్ళ పని కాదు. ఆయనకి ఈ ఆలోచన ఇప్పుడే చెప్పకండి.

మరి ఎవరు చెయ్యాలి? మూడు దారులున్నాయి.

కార్పెంటర్‌కి అప్పగిస్తే పని తొందరగా అవుతుంది. కానీ అల్మరాలు బాగా చేసే ప్రతివాళ్ళూ గోడమంచం చేసి ఉండరు. "ఇంతకు ముందు చేసిన మంచం ఒకటి ఎవరింట్లోనైనా చూపిస్తారా" అని అడగండి. చూసినప్పుడు మీ చేత్తో ఎత్తి దించండి. ఇంకో నష్టం మీకు తెలిసిందే. ఆ మంచం పడిన రోజుని ఆయన మర్చిపోలేరు, వేరేవాళ్ళు చేసిన మంచం ఆ గదిలో రోజూ కనపడుతుంది.

సోఫా కమ్ బెడ్ కొంటే గోడ జోలికి పోనక్కర్లేదు. మీ గదికి కూర్చునే చోటు కూడా వస్తుంది. కానీ సోఫాని మడిచి గోడలో పెట్టలేరు, పగలూ రాత్రీ అడుగులు తింటూనే ఉంటుంది. పడుకుంటే నడుము కింద మడత తగులుతుంది, అత్తగారికైతే వద్దేవద్దు.

ఆయన్నే పూర్తి చెయ్యమంటే, నిజానికి నాకు మొగ్గు ఇటే ఉంది, పనిని రెండుగా చీల్చండి. చెక్కపని మొత్తం ఆయనది. ఇరుసు, స్ప్రింగులు లేదా పిస్టన్లు మాత్రం గోడమంచాల కోసమే చేసిన సెట్టుగా, బరువు పరిమితి రాసి ఉన్నది, కాగితాలతో సహా కొనండి. దాంతో వచ్చే కొలతల ప్రకారమే చట్రం చేసుకోవాలి, చట్రం చేసుకుని సెట్టు వెతకడం కాదు. అంటే ఆయన ఇప్పటికే చేసిన పెట్టె పనికి రాకపోవచ్చు. ఆ చెక్క అడ్డం మంచానికి, పై అరలకి ముప్పాతిక వంతు వాడుకోవచ్చు. చెప్పుల స్టాండుకి అరంగుళం తేడా వస్తే ఎవరికీ తెలియదు. ఇక్కడ రెండు పక్క పలకల మీద ఇరుసు రంధ్రాలు ఒకదానికొకటి రెండు మిల్లీమీటర్లు తప్పినా మంచం ఒక మూల గీసుకుంటుంది. రెండు పలకలనీ కలిపి బిగించి ఒకేసారి రంధ్రం వెయ్యమనండి. పెట్టె మూలమట్టానికి ఉందో లేదో చూడ్డానికి రెండు కర్ణాలూ కొలిచి పోల్చితే చాలు.

గోడకి బిగించే పని దగ్గర మాత్రం తెలిసినవాళ్ళని పక్కన పెట్టుకోండి. మంచం దిగుతున్నప్పుడు పెట్టె పై భాగం ముందుకి లాగబడుతుంది. దాన్ని ఆపేది గోడలోని బోల్టులే. 2022లో అమెరికాలో లక్షకి పైగా గోడమంచాలని అమ్మినవాళ్ళు వెనక్కి పిలిపించారు, గోడ నుంచి ఊడి మీద పడుతున్నాయని. ఒక పెద్దావిడ చనిపోయారు కూడా. వెనక పల్చటి ప్లైవుడ్‌కి కాదు, పైన అడ్డంగా ఒక మందపాటి కర్ర పెట్టి దానికి బోల్టులు వెయ్యాలి. బోల్టు ప్లాస్టరింగు దాటి ఇటుకలోకి దిగాలి. మీది బోలు దిమ్మల గోడో, తేలిక దిమ్మల గోడో అయితే వాటికి వేరే యాంకర్లుంటాయి, మామూలువి పట్టవు. డ్రిల్లు పెట్టే ముందు కరెంటు తీగలు ఎటు పోయాయో, అవతల బాత్రూమ్ ఉంటే పైపులెక్కడున్నాయో చూసుకోవాలి. మంచం వెనక పడే స్విచ్చులు, ప్లగ్గులు ముందే జరిపించండి. ఇంటికి చిన్నపిల్లలు వస్తుంటే పైన తాళం పడే గొళ్ళెం తప్పదు.

పరుపు చాలా మందంది కొనకండి, పెట్టెలో పట్టదు. పైన మెత్తటి పొర విడిగా కుట్టిన స్ప్రింగు పరుపులు నెలల తరబడి నిలబెడితే ఆ పొర కిందికి జారి ముద్దగా చేరుతుంది. నురుగు పరుపు మేలు, అడ్డంగా రెండు పట్టీలు వేసుకోవాలి. వాడకపోయినా పది రోజులకొకసారి దించి గాలి తగలనివ్వండి, లేకపోతే ముక్కవాసన వస్తుంది.

ఆయనతో మాట్లాడ్డానికి "మంచం ఎప్పుడు పూర్తవుతుంది" తో మొదలుపెట్టకండి. ఆ ప్రశ్నకి ఆయన దగ్గర జవాబు లేదు, అందుకే నెల రోజులుగా మాట్లాడ్డం లేదు. తూకంతో మొదలుపెట్టండి. ఒక సాయంత్రం బాత్రూమ్ తూకం గదిలోకి తెచ్చి, "ఈ పలక ఎంత బరువుందో చూద్దామా, నువ్వు పట్టుకో, నేను రాస్తాను" అనండి. ఆ బరువు, ఆ జానెడు లెక్క కాగితం మీద పడితే, ఆ రోజు మంచం పడింది తన చేతకానితనం వల్ల కాదని ఆయనకే తెలుస్తుంది. ఆయన అడ్డం మంచానికి ఒప్పుకోవచ్చు, నిలువుదే చేస్తానని పట్టుబట్టవచ్చు, అసలు మానేస్తానని అనవచ్చు. మానేస్తానంటే బతిమాలకండి. అత్తగారు వెళ్ళాక చూద్దాం అని వదిలెయ్యండి. ఎలా తేలినా ప్లైవుడ్ ముక్కలు మీ కుర్చీ వెనక నుంచి మాత్రం వెళ్ళిపోవాలి, అది మీరు అడగవచ్చు.

పగిలిన టైలు ఇప్పుడే మార్పించకండి. కొత్త మంచం కోళ్ళు ఎక్కడ ఆనతాయో తేలాక, ఆ చోటు కూడా కలిపి ఒకేసారి చేయించుకోవచ్చు. అంతవరకు దాని మీద గట్టిగా టేపు అంటించండి, వాకర్ రబ్బరు ఆ పెచ్చుకి తగులుకోకుండా.